డి మీద వచ్చిన నోటీసు

క్వారీలో రాతిగోడ కూలుతుందని ముందే తెలిసి కూడా చెప్పకుండా దాచానని రాసి, నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. నాకు తెలియదు. తెలిసే దారే లేదు.

దయ్యాల సంగతి ఎవరెత్తినా నవ్వేసేవాణ్ణి. అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఇంగ్లీషు, టైపు, ఆనక కంప్యూటర్, అన్నీ ఎవరూ చెప్పకుండా నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నవాడు కంటితో చూడందే దేన్నీ ఒప్పుకోడు. అందుకే చూసింది చూసినట్టు రాస్తున్నాను.

ఎనభైల చివర్లో పిడుగురాళ్ల దగ్గర ఒక సున్నపురాయి కంపెనీ ఆఫీసులో పనిచేశాను. నాలుగు కంప్యూటర్లు, ఒక్కటే ప్రింటర్. నాలుగు కేబుళ్లూ ఒక ఇనప డబ్బాలోకి వచ్చేవి. డబ్బా మీద తిప్పే మీట, చుట్టూ ఎ, బి, సి, డి అని అక్షరాలు. మీట ఏ అక్షరం మీదుంటే ఆ కంప్యూటర్ కాగితమే అచ్చవుతుంది. మిగతావాళ్లు ఎంత నొక్కినా రాదు. ఒకరిది సగంలో ఉండగా ఇంకొకరు తిప్పితే కాగితం పాడైపోయేది. అందుకని తిప్పేముందు "సి నాదీ" అని గదంతా వినపడేట్టు కేకేయడం మా అలవాటు.

సి నాది, డి మస్తాన్‌ది. క్వారీలో తూటాలు పెట్టి రాయి పేల్చే బ్లాస్టింగ్ ఎన్నింటికో రోజూ నోటీసు కొట్టేది అతనే. కొట్టి ఊరుకునేవాడు కాదు. తనే గేటు దాకా నడిచివెళ్లి అంటించి, చదువురాని ఆడకూలీలకు చదివి వినిపించేవాడు.

"ఒరేయ్ మస్తానూ, నీకు జీతం కొట్టడానికా, చదవడానికా?" అనేవాణ్ణి.

"రెంటికీ చాలట్లేదులే అన్నా" అనేవాడు.

ఆ వేసవి మొదట్లో జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయాడు. అతని కంప్యూటర్‌ని వేరే ఆఫీసుకు పట్టుకుపోయారు. డి కేబుల్ కొస మాత్రం బల్ల వెనక వేలాడుతూ ఉండిపోయింది. నోటీసు పని నామీద పడింది.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు బ్లాస్టింగ్ ఒంటిగంటన్నరకని చెప్పారు. నా కంప్యూటర్‌లో 1.30 అని కొట్టి ప్రింట్ ఇచ్చి, ఫోన్ మోగితే అటు వెళ్లాను. తిరిగొచ్చేసరికి కాగితం వచ్చి ఉంది. చింపి గేటుకు పంపాను. చదవలేదు. ఆ తప్పు నాదే.

పన్నెండు కావస్తుండగా ఆడకూలీల పెద్ద కోటమ్మ ఆఫీసు గుమ్మంలోకి వచ్చింది.

"ఏంది సారూ, ఇయ్యాల పన్నెండుకే తూటాలంట. మరి మేం కూడు యాడ తినాల?"

"పన్నెండేంది? ఒకటిన్నర."

"సదువు రాదు గానీ నాకు అంకెలొచ్చు. వచ్చి సూడు."

వెళ్లి చూశాను. 12.00 అని ఉంది. రోజూ క్వారీ రాతిగోడ నీడలో కూర్చుని తినే ఇరవైమంది ఆడవాళ్లూ క్యారేజీలు పట్టుకుని, సణుక్కుంటూ అప్పటికే గేటు బయటికొచ్చేశారు. కొట్టేసి దిద్దుదామని జేబులోంచి పెన్ను తీశాను. అప్పుడు కూలింది గోడ. తూటాలు ఇంకా పెట్టనే లేదు. దుమ్ము తేరాక చూస్తే వాళ్లు కూర్చునే చోటు లేదు.

ఆఫీసుకొచ్చి చూసుకున్నాను. మీట డి మీద ఉంది. ప్రింట్ ఇచ్చేముందు సి మీదకు తిప్పడం నేను మరిచిపోయాను. అసలు డి మీదకు ఎవరు తిప్పారో తెలియదు. మిగతా ఇద్దరూ మేం కాదని ఒట్టేశారు. నా తెరమీద 1.30 అనే ఉంది. మీట అలాగే ఉంచి మళ్లీ నొక్కాను, ఏమీ రాలేదు. సి మీదకు తిప్పి నొక్కాను, వచ్చింది. 1.30 అని.

మేనేజర్ వినలేదు. "నువ్వేమన్నా సోది చెప్పేవాడివా? గోడలో పగులు చూసే పన్నెండని కొట్టుంటావు. మాకు చెప్పలా."

"చూస్తే దాచుకుని నేనేం చేసుకుంటా సార్, ఊరగాయ పెట్టుకుంటానా?" అన్నాను. ఆ మాటకు కోపం ఇంకా పెరిగింది.

నన్ను తీసేసిన రోజు కోటమ్మ క్యారేజీ నిండా అన్నం, గోంగూర తెచ్చి నా బల్లమీద పెట్టింది. నేను చేసిందేం లేదమ్మా అన్నాను.

"ఎవురు సేసినా మేం ఇళ్లకి పోయినం. తిను" అంది.

తిన్నాను. కంపెనీ మీద కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఆ కాగితానికి మాత్రం రోజూ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. ఎవరికి పెడుతున్నావని అడిగితే చెప్పలేను. మస్తానే అని కోటమ్మ గట్టిగా అనేది. నేను అవుననలేదు, కాదనలేదు.

నామీద రాసింది తప్పని ఒప్పుకోమని ఆ మేనేజర్‌కు ఏళ్లతరబడి ఉత్తరాలు రాశాను. ఆయన రిటైరై నరసరావుపేటలో స్థిరపడ్డాక ఒక జవాబు వచ్చింది:

"మీ ఉత్తరాలన్నీ అందాయి. మీరు పగులు చూడలేదని నాకు ఆ రోజే తెలుసు. మీరు వెళ్లాక మీట డి మీద పెట్టి నేనూ నొక్కి చూశాను, రాలేదు. నోటీసులో పన్నెండని ఎందుకొచ్చిందని పైవాళ్లు కారణం అడిగారు. తెలియదని రాయడానికి సిగ్గేసి మీ పేరు రాశాను. క్షమించండి. ఆ కాగితం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియదు. ఈ మాట అప్పుడే రాయాల్సింది."