ఫారంలో పట్టని రెండు పేజీలు

ఖాదర్ సార్ పుస్తకంలోంచి రెండు పేజీలు తీసేసింది నేనే. ఆ మాట ఆయనకు చాలాకాలం చెప్పలేదు.

2001లో మోండా మార్కెట్ దగ్గర నాకు చిన్న డీటీపీ సెంటరు ఉండేది. చుట్టూ కంప్యూటర్ కోర్సుల బోర్డులు లేస్తున్నాయి. నేను మాత్రం పుస్తకాలకు పేజీలు కట్టేవాణ్ని. రిటైరైన టీచరు ఖాదర్ సార్ ఒక రాతప్రతి తెచ్చారు. ఏడు వందల ఏళ్ల కిందట డమాస్కస్‌లో బతికిన ఒక మత పండితుడి గురించి. మతం తొలి తరాల నాటి తీరుకు మళ్లాలన్న ఆయన పిలుపు, శతాబ్దాల తర్వాత పుట్టిన పునరుద్ధరణ ఉద్యమాలకు ఎలా బలమైందో అందులో రాశారు.

"సమాధుల కాడ మొక్కుడు తప్పన్నడు, అది అందరికీ యాదుంది. పాత సూఫీలను ఇజ్జత్‌తోని తలుచుకున్నడు, అది ఎవ్వరికీ యాద్ లేదు. రెండూ రాసిన. జెర పైలంగ కట్టు బేటా" అన్నారు.

పుస్తకం ఫారాల లెక్కన అచ్చవుతుంది. ఫారమంటే ఒకే పెద్ద కాగితం మీద వేసి మడిచే పదహారు పేజీలు. ఆఖరి ఫారం నిండాక రెండు పేజీలు మిగిలాయి. అక్షరం సైజు కాస్త తగ్గిస్తే పట్టేవి. కానీ పుస్తకమంతా మళ్లీ కట్టాలి. ప్రెస్సువాళ్లు తొందరపెట్టారు. ఆయన దిద్దాల్సిన చివరి ప్రూఫు ఆయనకు చూపకుండానే, సరిగ్గా రెండు పేజీలున్న సూఫీల భాగం ఎత్తేసి పంపాను.

సార్ వాళ్ల అన్న ఒక దర్గాలో సేవ చేసేవారు. పుస్తకం చదివి, తమ్ముడు తన బతుకునే తప్పన్నాడని మాటలు మానేశారు.

సార్ నా దగ్గరికొచ్చారు. "బేటా, సూఫీల ముచ్చట నేను రాసిన్నా?"

"రాతప్రతి ప్రెస్సుల పోయింది సార్. నాకు యాద్ లేదు."

"మా బేగం రోజూ తిడ్తది, చాయ్ తాగి మళ్ల చాయ్ అడుగుతున్నవని. దిమాగ్ ఖరాబైనట్టే ఉంది" అని నవ్వడానికి ప్రయత్నించారు. ఆ తర్వాత ఆయన ఇంకేమీ రాయలేదు.

ఐదారేళ్లకు, ఉండబట్టలేక, నేరేడ్‌మెట్‌లోని వాళ్లింటికి వెళ్లి అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు.

"అంటే నేను మర్సిపోలే" అన్నారు. లేచి నిలబడి, "నాకు చెప్పి ఏం ఫాయిదా? అన్నకు చెప్పు" అన్నారు.

ఒక మనిషి మాటల్లో సగం తీసేస్తే మిగిలింది సగం మాట కాదని, అది వేరే మాటవుతుందని నా పని నాకు అంత ఆలస్యంగా నేర్పింది.

ఆ సాయంత్రమే ఇద్దరం దర్గాకు వెళ్లాం. సార్ గేటు బయటే ఆగిపోయారు. లోపల చాపలు దులుపుతున్న పెద్దాయన ముందు నిలబడ్డాను.

"పెద్దసాబ్, మీ తమ్ముడు మీ సూఫీల గురించి మంచిగనే రాసిండు. తీసేసింది నేను. ఆయన అడిగితే అబద్ధం చెప్పింది సుత నేనే. మాఫ్ చెయ్యుండ్రి."