బల్లెం కొస

వదినకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆమె మరిది అనేవాడు. అది తప్పు. కోపం ఆమె వేళ్ళలో ఉండేది. మాట తూలకముందే చేతిలో ఉన్న వస్తువు ఠప్పున బల్ల మీద పడేది.

ఆమె పని కట్టుడు పళ్ళ ల్యాబులో. డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టరు పోసి, మైనంతో చిగుళ్ళు దిద్ది, ఒక్కొక్క పన్నూ వరసలో నిలబెట్టి, ముఖం కూడా చూడని మనుషులకు నోరు తయారు చేసేది. పంతొమ్మిదేళ్ళ అనుభవం. గోరంత పన్ను మీద వెంట్రుకంత గీత గీయగల చెయ్యి కాబట్టే, మరిది ఒకరోజు బొటనవేలంత సీసపు సైనికుణ్ణి తెచ్చి "దీనికి రంగు వెయ్యగలవా వదినా?" అని అడిగితే, ఆ సాయంత్రానికల్లా వాడికి కనుబొమలు కూడా వచ్చాయి. అలా మొదలై ఆరేళ్ళు అయింది.

ఫర్నిచర్ దుకాణం పైనున్న గదిలో, వార్నీషు వాసన మధ్య, ప్రతి ఆదివారం ఉదయం నలుగురు చేరేవారు. వదిన, బైకులు బాగుచేసే మరిది, రిటైరైన లైబ్రరీ మాస్టారు, తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసే ఒకాయన. ఆయన్ని అందరూ కొలతలాయన అనేవారు. మరిదిని చూసి మిగతా ఇద్దరూ ఆమెను వదినా అనే పిలిచేవారు. మాస్టారికి ఆమె తండ్రి వయసున్నా సరే.

మంచమంత బల్ల మీద ఎగువ రాజ్యం, దిగువ రాజ్యం, మధ్యలో ఏరు. గోడలూ వంతెనా వదిన ల్యాబులో మిగిలిన ప్లాస్టరుతో పోసినవే. ఎవరి సైన్యాన్ని వాళ్ళు టేపుతో కొలిచి జరపాలి, పాచికలు వేసి కొట్టుకోవాలి; కంటికి కనిపించినవాణ్ణే బాణంతో కొట్టాలి. రూల్సు పదకొండు పేజీలు, వదిన చేతిరాత. జరిగినదంతా కథగా రాసుకునే లావుపాటి నోటుబుక్కు ఒకటి. ఎవరు ఏ కోట పట్టారో, ఎవరు ఎవరికి మాట తప్పారో అన్నీ అందులో ఉండేవి.

ఒక ఆదివారం వదిన దగ్గర పన్నెండుమంది బల్లెంగాళ్ళు మిగిలారు. వాళ్ళ మధ్య నగారా వాయించేవాడొకడు. వాడికి ఎర్ర తలపాగా, బుగ్గ మీద గాటు. వాణ్ణి చూస్తే ఆమెకు ప్రాణం లేచివచ్చేది. అందరినీ వంతెన పక్క గోడ వెనక దాచి, ఇక పొద్దు వాలినా కదలనని కూర్చుంది.

కొలతలాయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక కన్ను మూసి, రెండో కంటిని బల్ల అంచుకు ఆనించాడు. జేబులోంచి దారపు ఉండ తీసి, కొండ మీది తన విలుకాడి నుంచి గోడ దాకా లాగి పట్టాడు.

"కనిపిస్తున్నాడు," అన్నాడు.

"ఎవరు?"

"మీ మూడోవాడి బల్లెం కొస. గోడ మీంచి రెండు మిల్లీమీటర్లు పైకుంది."

"బల్లెం కొసకి బాణం తగిలితే మనిషి చస్తాడా?"

"నాలుగో పేజీ, మూడో పేరా. 'ఏ కాస్త కనిపించినా గుంపు మొత్తాన్నీ కొట్టవచ్చు.' రాసింది మీరే వదినా."

పాచికలు పడ్డాయి. తొమ్మిదిమంది పోయారు. నగారావాడు వాళ్ళలో ఒకడు. కొలతలాయన వాళ్ళను గంపలో గుడ్లు ఏరినట్టు జాగ్రత్తగా ఏరి పక్కన పడుకోబెట్టాడు. ఆ జాగ్రత్త చూసి ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన వెక్కిరించి ఉంటే బాగుండేది, తిట్టడానికి పనికొచ్చేది. సంచీ సర్దుకుని మెట్లు దిగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు ఇంట్లో భర్త.

"ఏమీ కాలేదు."

"అయితే ఆ గిన్నెల్ని ఎందుకు అలా తోముతున్నావు? వాటికి చిల్లులు పడతాయి."

మూడు వారాలు ల్యాబు నుంచి రాగానే వంటింటి బల్ల దగ్గర కూర్చుని రూల్సు రాసింది. బల్లెం ఒంట్లో భాగం కాదు. కిరీటం కాదు, జెండా కాదు, గాలికెగిరే పై బట్ట కాదు. దారం మందం ఇంత ఉండాలి. కన్ను బల్లకు ఇంత ఎత్తులో ఉండాలి. కొలతలాయన ఏయే సందుల్లోంచి దూరగలడో ఊహించుకుని ఒక్కొక్క సందూ మూసింది. మూసినకొద్దీ కొత్తవి కనిపించాయి. పదకొండు పేజీలు నలభైమూడయ్యాయి. నాలుగు కాపీలు తీయించి, పిన్నులు కొట్టించి, నాలుగో ఆదివారం అందరి ముందూ పడేసింది.

ఆరోజు ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ఆడితే ఒక్కొక్కరికి రెండు వంతులు కూడా పూర్తి కాలేదు. ఒక గుర్రాన్ని జరపాలంటే మూడు పేజీలు తిప్పాలి. మాస్టారు కుర్చీలోనే కునుకు తీశారు.

మరిది కాగితాలు దులిపి, "వదినా, ఇది ఆటా, ఇంటి లోను పత్రమా?" అన్నాడు.

"నోరు మూసుకుని ఆడు. నీలాంటివాళ్ళు చదవరు కాబట్టే నేను రాయాల్సి వచ్చింది."

మరిది ముఖం చిన్నబుచ్చుకున్నాడు. కొలతలాయన మాత్రం నలభైమూడు పేజీలూ చదువుకుని వచ్చాడు. పెన్సిలుతో గీతలు కూడా పెట్టుకున్నాడు. గోడ వెనక నుంచి ఆమె బల్లెంగాడు ఆయన మనిషిని పొడవబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"పొడవడానికి లేదు వదినా. బల్లెం ఒంట్లో భాగం కాదని ఇరవైయేడో రూల్లో రాశారు. ఒంట్లో ఏదో ఒక భాగం తాకితేనే దెబ్బ తగిలినట్టని తొమ్మిదో రూల్లో ఉంది. ఇక్కడ తాకింది బల్లెం ఒక్కటే."

ఆమె ఏం చేస్తున్నదో ఆమెకే తెలిసేలోపు చెయ్యి బల్ల మీదుగా విసురుగా వెళ్ళిపోయింది. వంతెన ఎగిరిపడింది. సైనికులు చెల్లాచెదురయ్యారు. మాస్టారు నాలుగు నెలలు రంగులు వేసుకున్న ఏనుగు నేల మీద పడి తొండం విరిగింది. ఆ చప్పుడుకు ఆయన కునుకులోంచి ఉలిక్కిపడి లేచారు.

"మీకు కథ అక్కర్లేదు," అంది వదిన కొలతలాయనతో. "మీకు మనుషులు అక్కర్లేదు. మీ సైనికులకు రంగు కూడా వెయ్యరు. గెలిస్తే చాలు మీకు. దుకాణాల్లో దొంగ తరాజులు పట్టుకున్నట్టు ఇక్కడ మమ్మల్ని పట్టుకుంటున్నారు."

ఆయన ముఖం ఎర్రబడింది. ఆయనకు కోపం రావడం ఆ గదిలో ఎవరూ అంతవరకు చూడలేదు. లావుపాటి నోటుబుక్కు తెరిచాడు.

"మొదటి వర్షాల యుద్ధంలో మీ నగారావాడు చచ్చాడు. పాచిక పడింది. 'వాడు పోతే కథ పోతుంది, గాయపడ్డాడనుకుందాం' అన్నారు. సరే అన్నాను. కోట ముట్టడిలో మళ్ళీ చచ్చాడు. మళ్ళీ కథ అన్నారు. పడవల దగ్గర మూడోసారి. నా విలుకాళ్ళు ఎంతమంది పోయారు? ఒక్కడికైనా కథ ఉందన్నారా ఎవరైనా? మీరు కథ అడ్డం పెట్టుకుని గెలిచారు. నేను రూలు అడ్డం పెట్టుకుని గెలిచాను. తేడా ఏంటో చెప్పండి."

మరిది పాచికలు ఏరుతున్నట్టు నటించాడు. వదిన పళ్ళు బిగించి, విరిగిన ఏనుగును చేతిలోకి తీసుకుని బయటికి నడిచింది. ఆయన అబద్ధం చెప్పి ఉంటే ఆ కోపం రెండు రోజుల్లో చల్లారేదే. నిజం చెప్పాడు. అందుకే అది చల్లారలేదు.

సోమవారం ల్యాబులో ఇంకొకటి ఎదురైంది. కిందటి వారం పంపిన పళ్ళ సెట్టు తిరిగొచ్చింది. 'కాటు కుదరలేదు, పళ్ళు మరీ అరగదీశారు' అని డాక్టరు చీటీ. ఆమెకు గుర్తొచ్చింది. ఒక పన్ను ఎత్తుగా ఉంటే దాన్ని అరగదీయబోయి, మనసంతా దారం మీదా బల్లెం మీదా ఉండి, మొత్తం వరసంతా అరగదీసేసింది. బాగుచేయడానికి వీల్లేదు. ఎవరో ముసలాయన ఇంకో వారం జావ తాగుతాడు. ఆ సంగతి తలచుకుంటే ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

కొత్త సెట్టు మొదటి నుంచి కట్టింది. చివర్లో తగిలిన చోట రంగు అంటించే నీలం కాగితం మధ్యలో పెట్టి పై వరస, కింది వరస కలిపి నొక్కింది. రంగు అంటిన చోట మాత్రం కాస్త గీకింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ కాస్త. సాయంత్రమైంది. పక్క బల్ల ఆవిడ ఇంటికి వెళ్తూ "ఇంకా కాలేదా?" అంటే, "తొందరపడితే ఏమవుతుందో చూశాంగా," అంది పుల్లవిరుపుగా.

ఏనుగు తొండంలో సన్నటి తీగ దూర్చి అతికించి, అతుకు కనపడకుండా రంగు వేసి, గురువారం మాస్టారి ఇంటికి వెళ్ళింది.

"క్షమించండి మాస్టారూ."

ఆయన ఏనుగును కిటికీ వెలుతురులో తిప్పి చూశారు. "ముందుకంటే బాగుందమ్మా. ఇంతకీ నీ కోపం ఎవరి మీద?"

"ఆయన మీదే."

"అంతేనా?"

మాస్టారు నోటుబుక్కు తెచ్చి ముందు పెట్టారు. "మొన్న మీరంతా వెళ్ళాక కూర్చుని మొత్తం చదివాను. నువ్వు గెలిచిన ఆదివారాలు చూడు, రెండేసి లైన్లు. నా కోట పోయిన రోజు నేను రాసింది ఆరు పేజీలు. అవే చదవబుద్ధయింది నాకు. గెలిచినవాడు ఇంటికి పోవాలని చూస్తాడు. ఓడినవాడికి చెప్పుకోవాల్సింది ఉంటుంది."

"అయితే ఓడమంటారా?"

"ఓడినప్పుడు చావనివ్వమంటున్నాను, నీ నగారావాణ్ణి."

ఆమెకు మళ్ళీ చిర్రెత్తుకొచ్చింది. అయినా ఆ వారాంతంలో నలభైమూడు పేజీలూ ముందేసుకుని, తగవు పుట్టిన చోటు ఒక్కటే ఉంచి, కొత్తగా చేర్చిన మిగతావన్నీ కొట్టేసింది. పన్నెండు పేజీలు మిగిలాయి. చివరి పేజీలో కొత్త మాటలు నాలుగే. మొండెం సగం కనిపిస్తేనే కొట్టాలి. తగవు నిమిషం దాటితే పాచిక వేసి తేల్చుకోవాలి. చచ్చినవాడు చచ్చినట్టే. ఓడినవాళ్ళే కథ రాయాలి.

ఆదివారం కొత్త యుద్ధానికి వంతెననూ, నగారావాడితో సహా సైనికులందరినీ మళ్ళీ నిలబెట్టారు. ముందుగా ఆమె మరిదితో, "మొన్న అన్నది మనసులో పెట్టుకోకు," అంది. వాడు "పెట్టుకుంటే రోజుకో సంచీ కావాలి నాకు," అని నవ్వాడు.

కొలతలాయన పన్నెండు పేజీలు చదివి, తలూపి, మొదటి గంటలోనే మొండెం సగమంటే ఎక్కడి నుంచి ఎక్కడికని అడిగాడు. ఆమె నోటిదాకా వచ్చిన మాటను మింగి గడియారం చూసింది. నిమిషం అయింది. పాచిక వేశారు. ఆయనకే పడింది. ఆమె బల్ల అంచును గట్టిగా పట్టుకుంది గానీ చెయ్యి విసరలేదు. మధ్యాహ్నానికి వంతెన పోయింది, దాంతోపాటు నగారావాడూ పోయాడు.

కలం తీసుకుని, నోటుబుక్కులో కాగితం గీరుకుపోయేలా ఒత్తి రాసింది. నగారావాడు ఎలా పడ్డాడో, పడ్డాక కూడా నగారా ఏట్లో తేలుతూ ఎంత దూరం పోయిందో, అవతల కొండ మీద జాలి లేని సేనాని ఒకడు ఎలా ఒంటి కన్ను మూసి గురి చూశాడో రాసింది. కొలతలాయన తీసుకుని పైకి చదివాడు. మధ్యలో ఒకచోట ఆగాడు.

"జాలి లేని అన్నారు."

"అన్నాను."

"నాకు అభ్యంతరం ఉంది."

"ఓడినవాళ్ళదే కథ. పన్నెండో పేజీ చూసుకోండి."

ఆయన చూసుకున్నాడు. ఆ మాట అక్కడే ఉంది. మిగతాది చదివాడు. నగారా కొట్టుకుపోయే చోట గొంతు కాస్త తగ్గింది.

వదినకు కోపం పోలేదు. మెట్లు దిగుతున్నంతసేపూ ఆయన్ని తిట్టుకుంటూనే ఉంది. బస్టాపులో నిలబడ్డాక మాత్రం వంతెన లేకుండా ఏరు ఎలా దాటాలో, ఎగువన ఎక్కడో మోకాలి లోతు రేవు ఉండకపోతుందా అని ఆలోచనలో పడింది. ఎక్కవలసిన బస్సులు రెండు కళ్ళ ముందే వెళ్ళిపోయాయి.