మాట్లాడటానికొక మనిషి

జోసఫిన్ ఇంకొక మనిషితో తెలుగు మాట్లాడి యాభై ఏళ్ళు దాటింది. కుండీల్లో మొక్కలతో మాట్లాడేది, పిల్లితో మాట్లాడేది. మిసిసిపీ ఒడ్డున ఆ చిన్న ఊళ్ళో తెలుగులో బదులు పలికేవాళ్ళెవరున్నారు?

ఆ భాష వాళ్ళ నాన్న ప్రేమానందం ఇచ్చిపోయింది. ఆయనది నర్సాపురం. బడిపంతులుగా ఉంటూ ఓ రాత్రి తాలూకా కచేరీ మీద స్వరాజ్యం జెండా ఎగరేశాడు. పోలీసులు వెతుకుతుంటే ఓడలో వంటవాడిగా చేరి అమెరికాలో తేలాడు. హోటల్లో గిన్నెలు కడుగుతూ, ఆదివారాలు చర్చిల్లో నిలబడి, మా దేశం మాకు కావాలని చెప్పేవాడు. బ్రిటిష్‌వాళ్ళు తిరిగి వెళ్ళడానికి పాస్‌పోర్టు ఇవ్వలేదు సరికదా, వెంట ఒక గూఢచారిని పెట్టారు. ఇంటి బయట మంచులో వణుకుతున్న ఆ గూఢచారిని చూసి జాలేసి, జోసఫిన్ తల్లి, అమెరికన్ అయిన మార్గరెట్ కాఫీ ఇచ్చి వచ్చేదట.

అన్నీ తట్టుకున్నాడు గానీ, తెలుగు మాట చెవిన పడకపోవడమే ఆయన్ని కుంగదీసింది. కూతురు పుట్టగానే ఊయల పక్కన కూర్చుని మొదలుపెట్టాడు. "నీకు మాటలొస్తేగానీ నాకు దిక్కు లేదే అమ్మడూ!"

ఆమె ఏడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు స్వతంత్రం వచ్చింది. ఆయన వీధంతా నిమ్మకాయ పులిహోర పంచాడు. ఇక వెళ్ళొచ్చు.

"మనం ఎప్పుడెళ్తాం నాన్నా?"

ఆయన వంటింట్లో ఉన్న మార్గరెట్ వైపు చూశాడు. "మీ అమ్మ అక్కడ ఎవరితో మాట్లాడుతుందే?" అన్నాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

కిందటేడు జోసఫిన్ తుంటి విరిగింది. మార్గరెట్ వైపు బంధువులు ఆమెను తమకు దగ్గరగా నేపర్‌విల్ అనే పట్టణంలోని వృద్ధాశ్రమంలో చేర్చారు. ఒక ఉదయం నర్సు పట్టి లేపుతుంటే నొప్పికి నోరు జారింది.

"అబ్బ! మెల్లిగానమ్మా, ప్రాణం పోతోంది!"

నర్సు చేతులు ఆగిపోయాయి. "మీరు... తెలుగా అండీ?"

"నర్సాపురం వాళ్ళమ్మాయినే."

"మాది పాలకొల్లండీ! నా పేరు వసంతకుమారి." ఆ పిల్ల నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "అమ్మగారూ, సండే మా తెలుగు చర్చ్‌కి వస్తారా? నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్తాను."

చర్చిలో పిల్లలు ఆమె చుట్టూ మూగారు. "గ్రాండ్‌మా, మీ తెలుగు ఫన్నీగా ఉంది" అంది నైనిక అనే పిల్ల.

"ఫన్నీ ఏంటే! మా అమ్మమ్మ అచ్చం ఇలాగే మాట్లాడేది" అని పర్సిస్ అనే పెద్దావిడ కళ్ళొత్తుకుంది.

ఆరాధన అయిపోయినా ఎవరూ కదల్లేదు. జోసఫిన్ నాన్న కబుర్లు చెబుతూనే ఉంది. కారులో తిరిగి వస్తుంటే ఆమె గొంతు బొంగురుపోయింది.

"ఇంక రెస్ట్ తీసుకోండి అమ్మగారూ. మాట్లాడకండి."

"ఊరుకోవే! మా నాన్న గోదాట్లో మొసలిని చూసి పరిగెత్తిన సంగతి నీకింకా చెప్పలేదే!"

ఆశ్రమం మలుపు వచ్చింది. వసంతకుమారి తిప్పకుండా కారును నేరుగా పోనిచ్చింది.