పదకొండు స్టాపుల భాష

మా లాండ్రీలో ఆయన అందరికీ బాబాయే. తెలుగువాళ్ళం ముగ్గురం అలా పిలవడం విని, మిగతావాళ్ళు అదే ఆయన పేరనుకున్నారు. సూపర్‌వైజరమ్మ అయితే మర్యాద కోసం ముందొక మిస్టర్ కూడా తగిలించి ‘మిస్టర్ బాబాయ్’ అనేది. మొదటిసారి విన్న రోజు నవ్వాగక దుప్పటి మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన మాత్రం నిటారుగా నిలబడి, వాళ్ళ భాషలో ‘సరే, ఇప్పుడే చేస్తాను’ అన్నాడు. ఆవిడ ఏం చెయ్యమందో ఆయనకు ముక్క కూడా తెలియదని తర్వాత అర్థమైంది.

అప్పటికి పంతొమ్మిదేళ్ళుగా ఆ పరాయి దేశంలో ఉంటున్న మనిషికి వాళ్ళ భాషలో వచ్చిన వాక్యాలు పదకొండు. మన మాటని ఫోనే వాళ్ళ భాషలోకి మార్చి చెప్పే రోజులు ఇంకా రాలేదు. మేముండే భవనం నుంచి లాండ్రీకి బస్సులో పదకొండు స్టాపులు. మనవాళ్ళెవరు కొత్తగా చేరినా బాబాయ్ పక్కన కూర్చోబెట్టుకుని స్టాపుకొక వాక్యం నేర్పేవాడు. స్కూలు గేటు దగ్గర ‘క్షమించండి’. మందుల షాపు దగ్గర ‘నాకు అర్థం కాలేదు’. వంతెన దిగాక ‘మెల్లగా చెప్పండి’. అక్కణ్ణుంచి ‘ఇది ఎంత’, ‘బాత్రూం ఎక్కడ’, ‘నాకిక్కడ నొప్పి’ అంటూ సాగి, లాండ్రీ గేటు ముందు ‘సరే, ఇప్పుడే చేస్తాను’ దగ్గర చదువు పూర్తయ్యేది. ఊరికే వింటే ఒప్పుకునేవాడు కాదు. నిండు బస్సులో, "ఏదీ, మందుల షాపు మాట అప్పజెప్పు" అనేవాడు. ముప్పై ఆరేళ్ళు వచ్చి, ఒక పిల్లకు తల్లినై ఉండి, చేతులు కట్టుకోవడం ఒక్కటే తక్కువగా అప్పజెప్పాను.

"అన్నిట్లోకీ మొదటి స్టాపు మాట ముఖ్యం అమ్మాయ్. తప్పు నీదా, అవతలివాళ్ళదా అని చూడకు. ముందు ఆ మాట అనెయ్యి. నోరు మంచిదైతే ఊరు మంచిది."

"చెయ్యని తప్పుకి ఎందుకనాలి బాబాయ్?"

"అంటే నీ సొమ్మేం పోయింది?"

నాకు వాదించడం ఇష్టమే గానీ, కొత్త చోట పెద్దాయనతో ఎందుకులే అని ఊరుకున్నాను. ఆ రోజు ఊరుకోకుండా ఉండాల్సింది.

పిన్నికి, అంటే బాబాయ్ భార్యకి, ఆ పదకొండు కూడా రావు. ఆవిడకు వాటి అవసరం కనబడలేదు. అందరితోనూ తెలుగులోనే మాట్లాడేది. కొట్లో టమాటా ఒకటి ఎత్తి, "ఏమయ్యా, కుళ్ళింది అంటగడదామనా? నా మొహం చూస్తే అలా ఉందా?" అని అడిగితే కొట్టువాడు కిక్కురుమనకుండా మంచివి ఏరి ఇచ్చేవాడు. "మీ బాబాయ్‌కి పదకొండు వచ్చి ఏం లాభమే? ఒక్కటైనా తలెత్తి అనేది ఉందా అందులో?" అనేది. నేను నవ్వేదాన్ని. బాబాయ్ వినబడనట్టు కాఫీ తాగేవాడు.

నేను చేరింది ఆర్నెల్ల ప్రొబేషన్ మీద. అది దాటి పర్మినెంటు కాగితం చేతికొస్తేనే మా అమ్మాయిని తెచ్చుకోవడానికి దరఖాస్తు పెట్టుకోనిస్తారు. మా ఆయన వేరే ఊళ్ళో ఇళ్ళకు రంగులేసే పనిలో ఉన్నాడు. ఆ పని ఈ నెల ఉంటే వచ్చే నెల ఉండదు కాబట్టి, కాగితం రావాల్సింది నాకే. పిల్లకు ఏడేళ్ళు. మా అక్క దగ్గర ఉంది. అక్క పంపిన ఫొటోలో ముందు పళ్ళు రెండూ లేవు. ఫోను చేస్తే, "అమ్మా, కొత్త పళ్ళు నువ్వు చూస్తావా, పెద్దమ్మే చూస్తుందా?" అని అడిగింది. నేనే చూస్తానన్నాను. ఆ ఫొటో లాకరు తలుపుకు లోపలివైపు అంటించుకుని, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసుకునేదాన్ని.

ఇంక తొమ్మిది రోజుల్లో ఆర్నెల్లూ పూర్తవుతాయనగా టేబుల్ గుడ్డలు మాడాయి.

మా లాండ్రీకి పెద్ద పెద్ద హోటళ్ళ బట్టలొస్తాయి. ఉతికిన గుడ్డలు వెడల్పాటి రోలర్ ఇస్త్రీ యంత్రంలోకి వెళ్తాయి. ఒక చివర నేను తడి గుడ్డ అంచులు సరిచేసి లోపలికి అందించాలి. రెండో చివర బాబాయ్ అందుకుని మడతపెట్టాలి. వేడి తిప్పే నాబ్ ఆయన వైపే ఉంటుంది. నాకు అటువైపు కనబడదు. ఆ రోజు బండి మీద బండి తోసుకొస్తున్నారు. ఏ గుడ్డా ఒక్కసారికి ఆరడం లేదు, ప్రతిదీ రెండుసార్లు పంపాల్సి వస్తోంది. నాకు చెమటలు కారిపోతున్నాయి. కాసేపటికి ఉన్నట్టుండి గుడ్డలు చకచకా ఆరిపోవడం మొదలైంది. హమ్మయ్య అనుకుని నేనూ జోరుగా అందించేశాను.

ముందు వాసన వచ్చింది. తర్వాత సూపర్‌వైజరమ్మ వచ్చింది. ఇరవై రెండు టేబుల్ గుడ్డలు, ప్రతిదాని మీదా గోధుమరంగు చారలు. బాబాయ్ ఖాళీ బండి కోసం వెళ్ళి అప్పటికింకా తిరిగి రాలేదు. యంత్రం దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. ఆవిడ ఒక గుడ్డ నా మొహం ముందు పెట్టి ఏదో అడిగింది. నా నోట్లోంచి స్కూలు గేటు మాట ఊడిపడింది. ఒకసారి కాదు, మూడుసార్లు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. ఆవిడ పుస్తకంలో రాసుకుంది. గోడ మీద క్యాలెండరులో శుక్రవారం చూపించింది, ఆఫీసు గది చూపించింది, చివరికి నా మెడలో వేలాడుతున్న గుర్తింపు కార్డు మీద వేలితో అడ్డంగా గీత గీసింది. అది అర్థం కావడానికి ఏ భాషా అక్కర్లేదు.

సాయంత్రం బస్సులో కూర్చోగానే నా నోరు తెరుచుకుంది.

"నీ మొదటి స్టాపు మాట నా కొంప ముంచింది బాబాయ్. ఏమీ చెయ్యకుండానే నేనే చేశానని ఒప్పుకున్నట్టు రాసుకుందావిడ. అంటే నీ సొమ్మేం పోయిందన్నావు కదా. ఇప్పుడు చెప్పు, ఏం పోయిందో."

ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఎనిమిది స్టాపులు పోయాయి. వంతెన ఎక్కుతుండగా అన్నాడు.

"వేడి పెంచింది నేనమ్మా."

నేను తల తిప్పి చూశాను.

"నువ్వు వెనకబడుతున్నావని పెంచాను. ప్రొబేషన్‌లో ఉన్నదానివి, మాట పడతావేమోనని. ఆ దళసరివి అయిపోగానే తగ్గిద్దామనుకున్నాను. బండి కోసం వెళ్ళి మర్చిపోయాను."

ఒళ్ళు మండిపోయింది నాకు. "ఆ ముక్క ఆవిడతో చెప్పవేం మరి?"

"చెప్పాను. నువ్వు బట్టలు మార్చుకుంటుంటే వెళ్ళి క్షమించండి, క్షమించండి అని నాలుగుసార్లు అన్నాను. భుజం తట్టి పంపించేసింది."

ఎందుకు తట్టదు? తలుపు తగిలినా, లిఫ్టు ఆగిపోయినా, ఆఖరికి బయట వాన పడుతున్నా పంతొమ్మిదేళ్ళుగా ఆవిడతో అదే మాట అంటున్నాడు. నా తరఫున బతిమాలడానికి వచ్చాడనుకుని ఉంటుంది. చెయ్యని తప్పులన్నిటికీ ఆ మాట వాడేసుకున్నాడు. తీరా చేసిన రోజున అది పనికి రాలేదు. వేరే మాట ఆయన దగ్గర లేదు, నా దగ్గరా లేదు. లాండ్రీలో మిగతా ఇద్దరు తెలుగువాళ్ళూ ఆయన శిష్యులే కాబట్టి వాళ్ళ సంగతీ అంతే.

ఇంటికి చేరాక విషయం విని పిన్ని చేతిలో గరిటె పక్కన పెట్టింది. "ఎవర్నైనా అడిగి నేర్చుకోండి. ఇన్నేళ్ళకి ఒక్క కొత్త మాట నేర్చుకుంటే అరిగిపోరు."

"చెబితే నన్ను తీసేస్తారేమోనే. యాభై ఎనిమిదొచ్చాయి. ఇంకెవరు పెట్టుకుంటారు నన్ను?"

"ఆ పిల్లకి ఏడు," అంది పిన్ని.



మర్నాడు బస్సు ఎక్కగానే ఆయన తన మామూలు సీటులో కూర్చోకుండా డ్రైవరమ్మ పక్కన నిలబడ్డాడు. ఆ లైన్లో ఆవిడ ఎన్నో ఏళ్ళుగా ఉంది. మా పాఠాలన్నీ వినీ వినీ ఆవిడకు స్టాపుల వరస కంఠతా వచ్చేసి ఉంటుంది. బాబాయ్ గాలిలో నాబ్ తిప్పాడు. రెండు చేతులూ రోలర్లలా దొర్లించాడు. ముక్కు మూసుకుని పొగ చూపించాడు. నన్ను చూపించి తల అడ్డంగా ఊపాడు. తన గుండె మీద నాలుగు దెబ్బలు వేసుకున్నాడు. బస్సులో కొందరు నవ్వారు. డ్రైవరమ్మ నవ్వలేదు. ఎర్ర లైటు దగ్గర బస్సు ఆపి, తన గ్లవ్ ఒకటి తీసి కింద పడేసి, దాన్ని చూపించి, గుండె మీద వేలు పెట్టుకుని, చిన్న వాక్యం ఒకటి అంది. ‘ఇది నేనే చేశాను.’

చిన్నదే గానీ బాబాయ్ నాలుక తిరగలేదు. ఆ రోజు పదకొండు స్టాపులకీ ఒకటే పాఠం. నేనే అప్పజెప్పించుకున్నాను. "ఏదీ, మళ్ళీ అను బాబాయ్." తప్పు పలికితే వెనక సీటులో సంచి పెట్టుకున్న ముసలావిడ దిద్దేది. బుధవారం, గురువారం కూడా అంతే. ఆయన మీద జాలి కలగలేదంటే అబద్ధం. కోపం పోయిందన్నా అబద్ధమే. రెండూ పక్కపక్కన కూర్చుని ప్రయాణం చేశాయి.

శుక్రవారం ఆఫీసు గదిలో మేనేజరు నా కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన సూపర్‌వైజరమ్మ, పుస్తకంతో సహా. ఆయన ఏదో చదువుతుంటే నేను పిల్ల పళ్ళ గురించి ఆలోచిస్తున్నాను. తలుపు తోసుకుని బాబాయ్ వచ్చాడు. ఎవరూ పిలవలేదు. చేతిలో మాడిన గుడ్డ ఒకటి ఉంది. నోరు తెరవగానే అలవాటు కొద్దీ ‘క్షమించండి’ వచ్చింది. సూపర్‌వైజరమ్మ తెలిసిన నవ్వు నవ్వి, వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపింది.

ఆయన కదల్లేదు. గుడ్డ మేనేజరు బల్ల మీద పరిచాడు. చెయ్యి చాచి, గాలిలో ఉన్న నాబ్‌ను కుడివైపుకి తిప్పాడు.

"ఇది నేనే చేశాను," అన్నాడు, వాళ్ళ భాషలో.

సూపర్‌వైజరమ్మ మొహంలో నవ్వు పోయింది. మేనేజరు మళ్ళీ ఏదో అడిగాడు. బాబాయ్ మళ్ళీ అదే అన్నాడు. ఈసారి తలెత్తి. ఆవిడ పుస్తకం తెరిచి నా పేరున్న వరస కొట్టేస్తుంటే నేను అక్కడే, అందరి ముందూ ఏడ్చేశాను.

నాకు కాగితం వచ్చింది. బాబాయ్‌ని తీసెయ్యలేదు గానీ, పంతొమ్మిదేళ్ళు నిలబడిన యంత్రం దగ్గర్నుంచి కింది అంతస్తుకి పంపించారు. మాసిన బట్టలు విడదీసి, మరకలు వదలగొట్టే గది అది. కిటికీ లేదు. అక్కడికి పంపడమంటే ఏమిటో లాండ్రీలో అందరికీ తెలుసు. నేను క్షమాపణ చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆ మాట ఇక చివరి స్టాపుకి మార్చేద్దామమ్మాయ్," అన్నాడు.

నాలుగు నెలలకు మా అమ్మాయి వచ్చింది. కొత్త పళ్ళు సగం దిగి ఉన్నాయి. మిగతా సగం నేను చూశాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక హోటల్ నుంచి మంచం మీద పరిచే తెల్లటి దుప్పటి వచ్చింది. మధ్యలో చేతి వెడల్పున సిరా ఒలికింది. పారేసే గుట్టలో పడేశారు. బాబాయ్ దాన్ని బయటికి తీసి, రెండు రోజులు నానబెట్టి, చేత్తో రుద్ది, మళ్ళీ నానబెట్టి, మరక ఎక్కడుండేదో వెతుక్కోవాల్సినట్టు చేశాడు. నేను బండి తోసుకుని కిందికి వెళ్ళేసరికి మేనేజరు ఆ దుప్పటి పట్టుకుని గది మధ్యలో నిలబడి ఏదో అడుగుతున్నాడు. అందరూ తలలు దించుకుని బట్టలు విడదీస్తున్నారు. బాబాయ్ కంగారుగా లేచాడు. ఆయన పెదవుల మీదకి స్కూలు గేటు మాట రావడం నాకు స్పష్టంగా కనబడింది.

నోరు మూసుకున్నాడు. తడి చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు.

"ఇది నేనే చేశాను," అన్నాడు.

మేనేజరు దుప్పటి అటూ ఇటూ తిప్పి చూసి, చెయ్యి చాచి బాబాయ్ చెయ్యి పట్టుకుని ఊపాడు. సాయంత్రం బస్సు దిగేటప్పుడు బాబాయ్ డ్రైవరమ్మ ముందు ఆగి, గోళ్ళ నిండా నీలం రంగు ఎక్కిన రెండు చేతులూ చూపించి, మళ్ళీ ఒకసారి ఆ మాట అన్నాడు.