స్పీడు బాషా సరిచేసిన పాట

కరీం బాషాని పాత ఊళ్ళో అందరూ స్పీడు బాషా అంటారు. మనిషిలో మాత్రం స్పీడన్నది మచ్చుకైనా కనబడదు. నాలుగు మెట్లు దిగడానికి రెండుసార్లు ఆగే రకం. ఆ పేరు వచ్చింది ఆయన చెవుల వల్ల. ఎవరైనా టేప్ రికార్డర్ పట్టుకుని గుమ్మంలోకి వస్తే, అది పాడుతున్న పాట విని అక్కడికక్కడే చెప్పేసేవాడు, మోటారు పావు చుట్టు వెనకబడిందని. చిన్న స్క్రూ డ్రైవరుతో మోటారు వెనక స్క్రూ పావు చుట్టు తిప్పేవాడు, అంతే, పాట దారిలో పడేది. మీటర్లూ లేవు, గీటర్లూ లేవు. నలభై ఏళ్ళ సంసారం ఆ పావు చుట్టుల మీదే గడిచింది.

ఇప్పుడు అరవై ఏడొచ్చాయి. టేప్ రికార్డర్లు పోయాయి. మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు, టీవీ రిమోట్లు బాగుచేస్తున్నాడు. పూర్ణా మార్కెట్ వెనక సందులో దుకాణం అదే, బోర్డు కూడా అదే. నర్గీస్ రికార్డింగ్ సెంటర్. కూతురు పుట్టిన ఏడు కూతురి పేరే పెట్టుకున్నాడు.

ఆ కూతురే ఇప్పుడు దుకాణం మూయమంటోంది. ఆవిడ తప్పేమీ లేదు లెండి. రెండు నెలల కిందట ఈయన వైర్లు అతికే సోల్డరింగ్ ఐరన్ ఆపకుండా నమాజుకి వెళ్ళిపోతే బల్ల సగం కాలింది. ఆ మరుసటి వారమే ఒకరి మిక్సీ ఇంకొకరికి ఇచ్చి పంపాడు. నర్గీస్ ఆ దగ్గర్లోనే బడిలో టీచరు, ఉండేది మధురవాడ అపార్టుమెంట్లో ఏడో అంతస్తు. తల్లి జమాలున్నీసా పోయి ఆరేళ్ళయింది, తండ్రి ఒక్కడే ఉంటున్నాడు, ఆపైన మతిమరుపు. ఇక చాలు, నాతో వచ్చేయమంది. ఈయనకి పౌరుషం పొడుచుకొచ్చింది. ఇంకొక్క పొరపాటు చేస్తే దుకాణం తాళం నా చేత్తో నేనే నీ చేతిలో పెడతానని, స్నేహితుడు కొండలరావు ఎదురుగా మాటిచ్చేశాడు. మాటైతే ఇచ్చాడు గానీ, ఆ రోజు నుంచీ నిద్ర సరిగా లేదు. మధురవాడలో ఆయన ఫలానా టీచరుగారి నాన్న, అంతే. స్పీడు బాషా ఈ సందులో తప్ప ఇంకెక్కడా బతకడు. అది ఆయనకి బాగా తెలుసు.

అలాంటి రోజుల్లో యశస్విని అనే అమ్మాయి స్కూటీ మీద వచ్చింది. మధురవాడలోనే ఐటీ ఉద్యోగం, సెలవు రోజుల్లో కంప్యూటర్ మీద సంగీతం చేస్తుందట. ఒక మాస్టర్ క్యాసెట్టు, ఇరవై ఖాళీ క్యాసెట్లు బల్ల మీద పెట్టింది. మాస్టర్ ఇంట్లో పాత టేప్ డెక్కు మీద తానే ఎక్కించిందట. అందులో ఉన్నది ఉన్నట్టు ఇరవైకీ ఎక్కించాలి, శనివారం సాయంత్రం బీచ్ దగ్గర కాఫీ హోటల్లో తన కార్యక్రమం, అక్కడ కావాలి అంది. ఎందుకో ముసిముసిగా నవ్వింది. ఇంకేదో చెప్పబోయి, వద్దులే అనుకుని వెళ్ళిపోయింది. ఈ కాలంలో క్యాసెట్లేమిటని బాషా అడగలేదు. చాలా ఏళ్ళకి తన పని తన దగ్గరికి వచ్చిందన్న సంబరంలో ఉన్నాడు.

మాస్టర్ పెట్టి వినగానే ఆ సంబరం కాస్తా నీరుగారిపోయింది.

ఎలక్ట్రానిక్ కీబోర్డు వాయిద్యం అది. పాట లేదు, మాట లేదు. పక్కింటి గోడకి చెవి ఆనించి విన్నట్టు ఎక్కడో దూరంగా డ్రమ్ము దెబ్బ. దాని మీద కీబోర్డు నిద్రకళ్ళతో నడుస్తోంది. స్వరం ఊగుతోంది, కిందికి జారుతోంది, మళ్ళీ కష్టపడి పైకి వస్తోంది. అడుగున సన్నగా వాన కురుస్తున్నట్టు టేపు చప్పుడు. బాషా డెక్కు ఆపేసి బెల్టు మార్చాడు. హెడ్డు స్పిరిటుతో తుడిచాడు. రబ్బరు రోలరు మార్చాడు. మళ్ళీ అదే నత్తనడక. వేరే క్యాసెట్టు పెడితే శుభ్రంగా పాడింది. మరి ఏమొచ్చింది దీనికి? లేక తన చెవులకే వచ్చిందా?

ఇంతలో వాయిద్యం ఆగింది. ఒక ముసలి గొంతు తాపీగా పలికింది. "నర్గీస్ రికార్డింగ్ సెంటర్, పూర్ణా మార్కెట్, విశాఖపట్నం."

బాషా చేతిలోంచి స్క్రూ డ్రైవరు కింద పడింది. ఆ గొంతు తనది. ఎప్పటిదో కాదు, ఇప్పటిది. పొద్దున్న టీ చెప్పిన గొంతు. ఆ గొంతు వెనక ఓడ కూత ఒకటి, దీర్ఘంగా, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు.

ఆ రోజుల్లో రికార్డింగ్ సెంటర్ల వాళ్ళంతా ప్రతి క్యాసెట్టు మొదట్లో తమ షాపు పేరు గొంతుతో చెప్పి పెట్టేవారు. తనూ చెప్పాడు, నిజమే. కానీ సీడీలు వచ్చి రికార్డింగులు మానేసి ఇరవై ఏళ్ళు దాటింది. ఈ ముసలి గొంతుతో ఎప్పుడు చెప్పాడు? ఎవరికి చెప్పాడు? చెప్పి మరిచిపోయాడా? కూతురన్న మాటే నిజమైందా?

మర్నాడు కొండలరావుని పిలిచి వినిపించాడు. కొండలరావు పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి, కూత వింటే ఓడని చెప్పగలనని గొప్పలు పోతుంటాడు. చెవి దగ్గర పెట్టుకుని మూడుసార్లు విన్నాడు.

"ఇది ఏ షిప్పుదీ కాదు బావా. ముప్పై ఏళ్ళు ఓడలు నిలబడే బెర్తు మీదే ఉన్నాను నాను, ఇలాటి కూత ఎప్పుడూ ఇన్లేదు. అది సరేగానీ, ఆ గొంతు నీదే కదేటి? ఎప్పుడు సెప్పేవు?"

"అదే నాకూ తెలీడం లేదు బావా," అన్నాడు బాషా. నర్గీస్‌కి మాత్రం చెప్పొద్దని బతిమాలుకున్నాడు.

కొండలరావు వెళ్ళాక బాషా మాస్టర్ మరోసారి పెట్టి విన్నాడు. అప్పుడు వెలిగింది. మాస్టర్ ఆ అమ్మాయి ఇంట్లో ఎక్కించింది కదా? ఆ డెక్కులోనే తేడా ఉండి ఉంటుంది! మోటారు పరిగెత్తే డెక్కు మీద రికార్డు చేస్తే, మంచి డెక్కు మీద పాట ఇలా నత్తనడకే నడుస్తుంది. పాపం చిన్నపిల్ల, దానికేం తెలుసు. మాస్టర్ పెట్టిన డెక్కు వెనక మూత తీసి, స్క్రూ డ్రైవరు అందుకుని, మోటారు పావు చుట్టు పెంచాడు. కీబోర్డు లేచి కూర్చుంది. ఇంకో పావు చుట్టు. ఇప్పుడు పోల్చుకున్నాడు. ఉక్కునగరంలో ఎప్పుడో జరిగిన వేడుకలో ఒక ఆర్కెస్ట్రా వాయించింది, తనే వెళ్ళి రికార్డు చేసుకొచ్చింది. ఊగుడు పూర్తిగా పోలేదు గానీ పాట దారిలో పడింది.

గొంతు కూడా మారింది. చొక్కా జేబులో పెన్ను పెట్టుకుని తిరిగిన ముప్పై ఒక్క ఏళ్ళ కుర్రవాడి గొంతు, గబగబా, కాస్త గర్వంగా. ఆ వెనక ఓడ లేదు, కూత లేదు. చంటిపిల్ల ఏడుపు.

దుకాణం వెనక గదిలో కాపురమున్న రోజులవి. నాలుగు నెలల నర్గీస్ గుక్కపట్టింది. జమాలున్నీసా ఎత్తుకోగానే చప్పున ఆపింది. మళ్ళీ రికార్డు చేద్దామంటే, ఎవరు వింటార్లే అని నవ్వింది జమాల్. అంతా గుర్తొచ్చింది. చెవులు బాగున్నాయి, బుర్ర బాగుంది! బాషాకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. ఆ ఊపులో మూడు డెక్కులు కలిపి, రోజంతా కూర్చుని, ఇరవై క్యాసెట్లూ సరైన స్పీడుకి ఎక్కించాడు. శుక్రవారం సాయంత్రం బడి నుంచి నర్గీస్ వచ్చేసరికి అవి వరసగా పేర్చి, పెళ్ళిపెద్దలా కూర్చున్నాడు.

వెనకే యశస్విని వచ్చింది. వాక్‌మన్‌లో ఒకటి పెట్టుకుని వింది. మొహం చిన్నబోయింది. రెండోది వింది, మూడోది వింది.

"అంకుల్, ఇది ఫాస్టుగా ఉంది కదా. నేను కావాలనే స్లో చేశాను."

"కావాలనే?"

ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. ఇదొక రకం సంగీతమట. పాత వాయిద్యాలని పట్టుకొచ్చి నెమ్మది చేస్తారట, టేపు చప్పుడూ ఊగుడూ తియ్యకుండా పైపెచ్చు కలుపుతారట. వింటుంటే తను పుట్టకముందటి రోజులు కూడా తనకే గుర్తొస్తున్నట్టుంటుందట. జగదాంబ దగ్గర పాత సామాన్లలో దొరికిన క్యాసెట్టుతోనే ఇది చేసిందట, దాని మీద ఈ షాపు ముద్ర చూసి వెతుక్కుంటూ వచ్చిందట. ఆయన గొంతు శనివారం నలుగురిలో వినిపించి ఆశ్చర్యపరుద్దామని చెప్పలేదట.

బాషాకి ఒక్క ముక్క ఎక్కలేదు. నలభై ఏళ్ళు తను విసుగూ విరామం లేకుండా తీసిపారేసిన జబ్బుల్ని ఈ పిల్ల కోరి తెచ్చుకుంటోందా? డబ్బిచ్చి కొనుక్కుంటారా జనం? అర్థం కాకపోయినా ఒకటి మాత్రం తెలిసింది. అడిగింది ఒకటి, తను చేసింది ఇంకొకటి. జేబులోంచి తాళం తీసి కూతురి ముందు పెట్టాడు.

"తీసుకో. మాటంటే మాటే."

నర్గీస్ తాళం ముట్టుకోలేదు. అసలు ఆ క్యాసెట్లలో ఏముందో వినిపించమంది. ఆయన స్క్రూ వెనక్కి తిప్పి, ముందు యశస్విని మాస్టర్ పెట్టాడు. ముసలి గొంతు, ఓడ కూత.

"మీరే కదా అబ్బా. ఎప్పుడు చెప్పారిది?" అని అడిగింది తండ్రిని.

ఆయన తను సరిచేసింది పెట్టాడు. కుర్ర గొంతు గబగబా షాపు పేరు చెప్పింది. నర్గీస్ నుదురు చిట్లించి వింది.

"ఇదెవరు?"

కన్నకూతురే పోల్చుకోలేకపోయింది. "నేనే" అన్నాడు బాషా.

ఆవిడ తండ్రి మొహంలోకి చూసింది, తర్వాత డెక్కు వైపు చూసింది. వెనక్కి తిప్పి మళ్ళీ వింది. "మరి ఏడుస్తున్నదెవరు?"

"నువ్వు. ఆపింది మీ అమ్మీ."

యశస్విని నోటి మీద చెయ్యి వేసుకుంది. ఓడ కూతనుకున్నానంకుల్, పాటంతా దాని మీదే కట్టాను అని గొణిగింది. నర్గీస్ మాత్రం ఏడుపు ఆగే చోటు వచ్చేదాకా విని, మళ్ళీ వెనక్కి తిప్పి, మళ్ళీ అక్కడిదాకా వింది. నాలుగోసారికి కళ్ళు తుడుచుకుని, తాళం తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

అయిపోయింది అనుకున్నాడు బాషా.

"రేపు నాకు సెలవు. తొమ్మిదికి వచ్చి తెరుస్తాను. ఈ అమ్మాయి అడిగినట్టే మళ్ళీ ఎక్కించండి. ఐరన్ సంగతి నేను చూసుకుంటాను," అంది నర్గీస్.

"సోమవారం?" అన్నాడాయన భయం భయంగా.

"బడికి వెళ్తూ తెరుస్తాను, వస్తూ మూస్తాను. తాళం నా దగ్గరే ఉంటుంది."

దుకాణం పోయిందో ఉందో, మాట నిలబడిందో లేదో బాషాకి తెలియలేదు. అడిగే ధైర్యమూ చాల్లేదు. ఎందుకైనా మంచిదని స్క్రూ సరైన చోటే ఉందో లేదో మరోసారి చూసుకుని, చెరపడానికి క్యాసెట్లు లెక్కపెట్టుకున్నాడు. పందొమ్మిదే ఉన్నాయి. బల్ల కింద వెతికాడు, డెక్కు వెనక వెతికాడు. మళ్ళీ మతిమరుపేనా అని ఇంకోసారి లెక్కపెట్టాడు.

"వెతక్కండి అబ్బా," అంది నర్గీస్, బ్యాగు జిప్పు వేసుకుంటూ. "పందొమ్మిదే చెయ్యండి."