జమ్ము కోసిన దిబ్బలు

“జమ్ము అడ్డంగా ఉంటే పక్షులెలా కనిపిస్తాయి అత్తయ్యా? రేపు పొద్దున నలభై మంది వస్తున్నారు. వాళ్లకి ఏం చూపించను?”

“కనిపించకూడదనే అవి జమ్ములో కూర్చుంటాయమ్మాయ్. నీ నలభై మందికీ దర్శనమివ్వడానికి వచ్చాయా ఏమిటి?”

“మీకు ప్రతిదీ వెటకారమే. మూడు దిబ్బలూ శుభ్రం చేయిస్తున్నామండి, అంతే!”

“పిట్టల కాపురం పీకడాన్ని శుభ్రమంటారన్నమాట!”

పోయిన కార్తీకంలో, మణికొండలో మా బాల్కనీలో నాకూ మా కోడలికీ జరిగిన గొడవ ఇది. ఈ ఏడు చలి మొదలై ఆవిడ మళ్లీ బైనాక్యులర్లు తుడుస్తుంటే గుర్తొచ్చింది. మా అపార్ట్‌మెంటు వెనక చెరువు, చెరువు మధ్య మూడు మట్టి దిబ్బలు, వాటి నిండా మనిషెత్తు జమ్ము గడ్డి. వాటి మీదికి శీతాకాలం పరజలు, అదే అడవి బాతులు, వస్తాయి. వాటిని చూడటానికి మావాళ్లు ఒక బృందం కట్టారు. దానికి మా కోడలే పెద్ద. వారమంతా ఆఫీసుల్లో అద్దాల వెనక కూర్చునే ఈ జనం ఆదివారం ఆకుపచ్చ చొక్కాలు తొడుక్కుని పిల్లి అడుగులు వేస్తూ వస్తారు. అంతలో ఎవరి ఫోనో సినిమా పాటతో మోగుతుంది. పిట్ట కనిపిస్తే ముందు దాని పేరు వెతుకుతారు. పేరు దొరికేసరికి పిట్ట ఉండదు.

నేను చదివింది మూడో తరగతి. కానీ పుట్టింది కొల్లేటి లంకలో. ఇలాంటి చలికాలంలో జమ్ము దిబ్బ దగ్గరికి రాగానే మా నాన్న దోనె నడిపే గెడ పైకి తీసేసేవాడు. దోనె దానంతటదే చప్పుడు లేకుండా జారిపోయేది. ఆయనది దయ అనుకునేరు, పరజ కూర తిన్న ఇల్లే మాది. ఒకరోజు చెదరగొట్టిన దిబ్బ మీద మర్నాడు పిట్ట వాలదని ఆయనకు తెలుసు, అంతే.

గొడవైన ఆ మధ్యాహ్నమే అంట్లు తోమి చెరువు గట్టుకు వెళ్లాను. జమ్ము కోసే మనిషి థర్మాకోల్ తెప్ప మీద ఉన్నాడు. అప్పటికే రెండు దిబ్బలు గుండు చేశాడు.

“ఆ మూడోది వదిలెయ్ నాయనా!”

“ఏంది పెద్దమ్మా, మేడమ్ మూడు కొయ్యమన్నది. జర నా పని చేస్కోనియ్యి.”

“ఆ మేడమ్ అత్తగారినే చెబుతున్నా. అది కూడా కోసేస్తే పిట్టలు ఎక్కడుంటాయి?”

అతను కోసిన దిబ్బల వైపు చూశాడు. “నాకు తెల్వదా? మా నాయిన గీ చెర్వులనే వల ఏసిండు. నన్నెవరడిగిండ్రు?” అంటూ కొడవలి తెప్పలో పడేశాడు. ఆ చెరువు గురించి మణికొండలో నేను విన్న మొదటి తెలివైన మాట అదే.

మా నాన్నకు ఒక్క రోజులో తెలిసేది వీళ్లకు తెలియడానికి ఎన్ని శీతాకాలాలు పడుతుందో.

మర్నాడు పొద్దున నలభై మందీ వచ్చారు. కోసిన రెండు దిబ్బల మీద ఒక్క కాకి ఉంది. దాన్నే అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీశారు. దూరంగా మూడో దిబ్బ జమ్ములోంచి పరజల గోల వినిపిస్తోంది గానీ ఒక్క ఈక కూడా కనిపించలేదు. “అదెందుకు కొయ్యలేదు?” అని ఎవరో అడిగారు. మా కోడలు నావైపు చూసి, “నేనే వద్దన్నానండి” అంది.