ఒక్క ఇంటికి ఏడు చీటీలు

మొన్న జనగామల ఒక బట్టల దుకాణం ముందు లక్కీ డ్రా తీస్తున్నరు. ఒక చిన్నపిల్ల కళ్లకు దస్తీ కట్టి డబ్బాల చెయ్యి పెట్టించిన్రు. చూడలేక ఇవతలికొచ్చిన.

నేను రెండో తరగతిల ఉన్నప్పుడు, రేగొండ దగ్గర మా ఊళ్లె సర్కారు ఇండ్లు పంచంగ ఒక్కటి మిగిలింది. అడిగినోళ్లు ఏడుగురు. ఎవరి పేరు వాళ్లే రాసి బిందెల వెయ్యాలన్నరు. నాయిన లేని ఇల్లు మాది. అమ్మకు రాయరాదు. క్యాలెండర్ కాగితం చింపి ఆమె పేరు నేనే రాసిన. అదెందుకో నాకెవ్వరు చెప్పలే.

"పసిపిల్లకు మోసం తెల్వది, గీ పిల్లతోనే తీయిద్దాం" అన్నడు సర్పంచ్ నన్ను చూపిచ్చి. అందరు సరేనన్నరు.

బిందెల చెయ్యి పెట్టంగనే మందపు కాగితం వేళ్లకు తాకింది. అమ్మదే. మా ఆటల్ల ఎవరి చీటీ వస్తే వాళ్లే దొంగ. అమ్మ దొంగ కావొద్దని దాన్ని అడుగుకు నూకి ఇంకోటి తీసిన. పక్కింటి రాజవ్వ పేరొచ్చింది. ఆమె బోరున ఏడ్చింది.

నేను ఉరికి అమ్మ చెవిల చెప్పిన. "నీది దొరికిందమ్మా, అయినా తియ్యలే."

అమ్మ నన్ను దగ్గరికి గుంజుకున్నది. "ఎవ్వలకు చెప్పకు బిడ్డా" అన్నది.

ఆ తర్వాత పదకొండు వానకాలాలు ప్లాస్టిక్ కవరు కప్పిన గుడిసెలనే తడిసింది. ఆయాసంతోని అందులనే పోయింది. ఒక్కనాడు నన్ను ఒక్క మాట అనలే. అన్నా బాగుండు.

డ్రా న్యాయంగ జరిగిందని ఊరు ఇప్పటికీ చెప్పుకుంటది. కాదని తెలిసినోళ్లల్ల నేనొక్కదాన్నే మిగిలిన.